కంచన్: దేశాలు దాటిన పాట, వెనకే ఉండిపోయిన పేరు

సూరత్ నగరంలో లింబాయత్, ఉధ్నా వైపు మన వాళ్లు చాలామంది ఉంటారు. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వెళ్లి అక్కడే స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు అవి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడిపేంత జనాభా. ఆశ్వయుజ మాసం వస్తే ఆ వీధుల్లో రెండు పండగలు పక్కపక్కనే జరుగుతాయి. ఒక వైపు బతుకమ్మ, మరో వైపు గర్బా. రెండింటిలోనూ ఆడవాళ్లు వలయంగా తిరుగుతారు. రెండింటిలోనూ చప్పట్లే తాళం. ఒకచోట మధ్యలో పూల బతుకమ్మ ఉంటుంది, మరోచోట చిల్లుల కుండలో దీపం.

ఇప్పుడు రెండింటికీ మరో పోలిక కూడా వచ్చింది. పాట ఎంత పాతదైనా, దాని కింద వినిపించే దెబ్బ మాత్రం కొత్తది. గుండెలదిరేలా నాలుగు దెబ్బలు సమానంగా, ఆగకుండా పడుతుంటాయి. బతుకమ్మ పాటలకు డీజే మిక్సులు రావడం మనకు నిన్నమొన్నటి సంగతి. గుజరాతీ గర్బాకు, దాండియాకు అది నలభై ఏళ్ల కిందటే జరిగింది. జానపదానికి డిస్కో దరువు కట్టిన తొలి బృందాల్లో బాగా పేరు పడింది బాబ్లాది. ఆ బృందంలో ప్రధాన గాయని, బాబ్లా భార్య, కంచన్.

ఆమె పాట విననివాళ్లు మనలో తక్కువ. ఆమె పేరు తెలిసినవాళ్లు అంతకంటే తక్కువ. కరీబియన్ దీవుల్లో మాత్రం పరిస్థితి వేరు. ట్రినిడాడ్‌లో, గయానాలో, సురినామ్‌లో ఒక తరం భారత సంతతి వారికి కంచన్ అంటే ఇంట్లో మనిషి పేరు లాంటిది. ఈ తేడా ఎలా వచ్చిందో చూస్తే ఒక గాయని జీవితంతో పాటు, పాట ఎవరిది అనే పాత ప్రశ్న కూడా ముందుకొస్తుంది.

కిరాణా కొట్టు నుంచి సంగీతానికి

కంచన్ పూర్తి పేరు కంచన్ దినకర్‌రావ్ మాలీ. పేరులోనే మరాఠీతనం తెలుస్తుంది. ఆమె అడుగుపెట్టిన ఇల్లు మాత్రం కచ్ఛీ గుజరాతీల ఇల్లు. కచ్ఛ్‌లోని కుంద్రోడీ గ్రామం నుంచి ముంబయి వచ్చి కిరాణా కొట్టు పెట్టుకున్న వీర్జీ షా కుటుంబం అది. ఆయన కొడుకులు కల్యాణ్‌జీ, ఆనంద్‌జీ హిందీ సినిమా సంగీతంలో జంటగా ప్రసిద్ధులయ్యారు. వాళ్ల తమ్ముడు లక్ష్మీచంద్. అందరూ బాబ్లా అని పిలిచేవారు.

ఈ కుటుంబానికి ఒక ప్రత్యేకత ఉంది. కొత్త వాయిద్యమంటే భయం లేదు. 1954లో వచ్చిన ‘నాగిన్’ సినిమాలో పాములవాడి బూర ధ్వని దేశమంతా మోగిపోయింది. అది నిజమైన నాగస్వరం కాదు. హేమంత్ కుమార్ సంగీత దర్శకత్వంలో కల్యాణ్‌జీ క్లావియొలిన్ అనే విద్యుత్ వాయిద్యం మీద పలికించిన ధ్వని. పల్లెటూరి బాణీని యంత్రం మీద పలికిస్తే జనం కాదనరని ఆ ఇంటికి అప్పుడే తెలిసింది. జానపదాన్ని సినిమాకు తేవడంలోనూ అన్నదమ్ములు సిద్ధహస్తులు. గోవర్ధన్‌రామ్ త్రిపాఠీ గుజరాతీ నవల ఆధారంగా 1968లో వచ్చిన ‘సరస్వతీచంద్ర’లో గర్బా బాణీని హిందీ ప్రేక్షకులకు దగ్గర చేశారు. ఆ సినిమా సంగీతానికి జాతీయ పురస్కారం అందుకున్నారు.

అన్నలు బాణీలు కడితే తమ్ముడు బాబ్లా లయ చూసుకునేవాడు. బొంగో, టుంబా, రోటో డ్రమ్స్ లాంటి విదేశీ తాళవాద్యాలను హిందీ పాటల్లోకి తెచ్చినవారిలో ఆయన ఒకరు. ఆ అన్నదమ్ములకు సినిమా స్టూడియోతో పాటు మరో రంగం కూడా ఉండేది. అది వేదిక. కల్యాణ్‌జీ ఆనంద్‌జీ నైట్ పేరుతో దేశవిదేశాల్లో ప్రదర్శనలిచ్చేవారు. ఎందరో కొత్త గాయనీగాయకులకు, హాస్యనటుడు జానీ లీవర్ లాంటివారికి ఆ వేదికే బడి. కంచన్ కూడా అక్కడ పాడుతూ ఎదిగిన గాయనే.

వేదిక మీద పాడేవారి కష్టం వేరు. స్టూడియోలో తప్పు పోతే మళ్లీ పాడొచ్చు. వేదిక మీద ఆ అవకాశం లేదు. పైగా జనం వినాలనుకునేది లతా మంగేష్కర్ పాట, ఆశా భోంస్లే పాట. వాటిని పాడేది మాత్రం ఎదురుగా నిలబడిన కొత్తమ్మాయి. ఆ పాట విన్నట్టే ఉండాలి, అయినా నకలు అనిపించకూడదు. ఇంకొకరి పాటను తన గొంతులోకి తెచ్చుకునే విద్య కంచన్‌కు అక్కడే అబ్బింది. తర్వాత ఆమె బతుకంతా ఆ విద్య మీదే నడిచింది.

మూడు పాటలు

హిందీ సినిమాలో కంచన్ పాడినవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగేటన్ని అయినా, వాటిలో మూడు ఇప్పటికీ మోగుతూనే ఉన్నాయి. మూడింటికీ సంగీతం కల్యాణ్‌జీ ఆనంద్‌జీదే.

1975లో ఫిరోజ్ ఖాన్ తీసిన ‘ధర్మాత్మ’లో ముకేశ్‌తో కలిసి ‘క్యా ఖూబ్ లగ్తీ హో’ పాడారు. అఫ్గానిస్థాన్ కొండల్లో హేమమాలిని, ఫిరోజ్ ఖాన్‌ల మీద తీసిన పాట అది. మరుసటి ఏడాదే ముకేశ్ అమెరికా పర్యటనలో కన్నుమూశారు. అదే 1975లో ‘రఫూ చక్కర్’లో శైలేంద్ర సింగ్‌తో కలిసి ‘తుమ్‌కో మేరే దిల్‌నే’ పాడారు. రిషీ కపూర్, నీతూ సింగ్‌లు తెర మీద కుర్రకారును ఊపేస్తున్న కాలం.

మూడోది ‘లైలా’. 1980లో వచ్చిన ‘కుర్బానీ’లో అమిత్ కుమార్‌తో కలిసి పాడింది. క్లబ్బు వేదిక మీద జీనత్ అమన్, కింద మతిపోయిన జనం. ఆ సినిమా సంగీతం గురించి ఎవరు మాట్లాడినా ముందు వచ్చేది మరో పాట సంగతి. లండన్‌లో స్థిరపడిన బెంగళూరు వాడు బిడ్డు బాణీ కట్టగా, పదిహేనేళ్ల పాకిస్థానీ అమ్మాయి నాజియా హసన్ పాడిన ‘ఆప్ జైసా కోయీ’. ఆ పాటకు నాజియా ఫిల్మ్‌ఫేర్ పురస్కారం అందుకుంది. హిందీ డిస్కో చరిత్ర మొదలయ్యేది అక్కడేనని అంటారు. అదే సినిమాలో, అదే ఊపుతో సాగిన ‘లైలా’ పాడిన గొంతు మాత్రం ఆ చరిత్రలో రెండో వరసలోనే మిగిలింది.

నేపథ్యగానంలో ఆ రోజుల్లో ఆడగొంతు అంటే లతా, ఆశా. వాళ్లిద్దరి నీడలో ఎంతోమంది గాయనులు ఒకటి రెండు పాటలతో ఆగిపోయారు. కంచన్ ఆగలేదు. సినిమా ఇవ్వని చోటును మరోచోట వెతుక్కున్నారు. అప్పటికి ఆ చోటు సిద్ధమవుతోంది. దాని పేరు క్యాసెట్.

డిస్కో చేతికి చిక్కిన జానపదం

డిస్కోకు ఒక లక్షణం ఉంది. అది కొత్త పాటలు పుట్టించినంతగా పాత పాటల్ని తిరగరాసింది. బేస్ డ్రమ్ ప్రతి దెబ్బకూ పడుతుంది. మధ్య ఖాళీల్లో తాళాల జత చప్పుడు చేస్తుంది. నిమిషానికి 120 దెబ్బలకు అటూ ఇటూగా వేగం. ఈ చట్రంలో ఏ పాటనైనా కూర్చోబెట్టవచ్చు.

1970ల్లో పాశ్చాత్య నిర్మాతలు అలా కూర్చోబెట్టిన వాటిలో గిటార్ పట్టుకుని పాడుకునే ఫోక్ రాక్ పాటలూ ఉన్నాయి. నీల్ యంగ్ 1972లో పాడిన ‘హార్ట్ ఆఫ్ గోల్డ్’ మౌత్ ఆర్గాన్‌తో నెమ్మదిగా సాగే ఒంటరి మనిషి పాట. దాన్ని 1978లో బోనీ ఎం బృందం తన ‘నైట్ ఫ్లైట్ టు వీనస్’ ఆల్బంలోకి తీసుకుంది. జమైకా బృందం మెలోడియన్స్ 1970లో చేసిన ‘రివర్స్ ఆఫ్ బాబిలాన్’నూ ఆ బృందమే 1978లో లోకమంతా పాడించింది. కరీబియన్ పిల్లల ఆటపాట ‘బ్రౌన్ గర్ల్ ఇన్ ద రింగ్’ కూడా వాళ్ల చేతిలో డిస్కో అయింది. మన దేశంలో టేప్ రికార్డర్ ఉన్న ప్రతి ఇంటికీ ఆ రోజుల్లో బోనీ ఎం చేరింది. ఆ బృందంలో వేదిక మీద కనిపించిన నలుగురూ కరీబియన్ దీవుల్లో పుట్టినవాళ్లు. బృందాన్ని తయారుచేసి, రికార్డుల్లో మగగొంతు పాడిన ఫ్రాంక్ ఫారియన్ జర్మన్.

డిస్కో మరో మార్పు కూడా తెచ్చింది. పాటకూ పాటకూ మధ్య ఆగకపోవడం. 1975లో గ్లోరియా గేనర్ ఆల్బంలో ఒక వైపు మొత్తం మూడు పాటల్ని ఖాళీ లేకుండా కలిపి విడుదల చేశారు. నృత్యం చేసేవాళ్ల కాలు ఆగకూడదని దాని ఉద్దేశం. పాశ్చాత్యులకు అది కొత్త. గుజరాతీలకు కాదు. గర్బా ఎప్పుడూ అలాగే సాగేది. ఒక పాట చివర మరో పాట అందుకుని, వేగం పెంచుకుంటూ, కాళ్లు అలిసేదాకా పాడేవారు. డిస్కోనూ గర్బానూ కలపాలన్న ఆలోచన వింతేమీ కాదు. రెండింటి అవసరమూ ఒకటే.

డిస్కో దాండియా

1980ల ఆరంభంలో బాబ్లా బృందం డిస్కో దరువుతో సొంత రికార్డులు తేవడం మొదలుపెట్టింది. హిందీ సినిమా పాటల డిస్కో రూపాల తర్వాత దాండియా వంతు వచ్చింది. ‘డిస్కో దాండియా’ పేరుతో వచ్చిన రికార్డులు, క్యాసెట్లు ఒక వరసగా సాగాయి. డోలు, ఢోలక్ తీసేయలేదు. వాటి పక్కన డ్రమ్ కిట్, బేస్ గిటార్, సింథసైజర్ చేరాయి. షెహనాయి పలకాల్సిన చోట కొన్నిసార్లు సింథసైజర్ పలికింది.

ఇందులో చిక్కు లేకపోలేదు. గర్బాలో హీంచ్ అని ఒక నడక ఉంది. ఆరు మాత్రల మీద ఊగుతూ సాగుతుంది. డిస్కోది నాలుగు దెబ్బల నడక. ఆరును నాలుగులో ఇరికిస్తే ఆ ఊగు పోతుంది. కోలాటంలా కర్రలతో ఆడే దాండియాలో ఎనిమిది మాత్రల కహర్వా నడక వాడుకలో ఉంది. అది డిస్కోలో హాయిగా ఇమిడిపోతుంది. డిస్కో మొదట దాండియా పేరుతో జతకట్టడానికి ఇది కూడా ఒక కారణం. కర్ర మీద కర్ర పడే చోట డ్రమ్ పడితే కొత్తగా నేర్చుకునేవాడికి కూడా తాళం తప్పదు.

దాంతో ఆట మారింది. ఊరి పాటలు తెలియని నగరపు కుర్రకారు వలయంలోకి రాగలిగింది. ముంబయి మైదానాల్లో టిక్కెట్లు పెట్టి నవరాత్రి వేడుకలు జరపడం పెరిగింది. ఆర్కెస్ట్రా వేదిక మీద, జనం కింద. అప్పటిదాకా పాడుతూ ఆడిన ఆడవాళ్లు ఇప్పుడు కేవలం ఆడేవాళ్లయ్యారు. పాడటం వృత్తి గాయనుల పని అయింది. సూరత్, అహ్మదాబాద్, వడోదర అన్నీ తమదైన పద్ధతిలో ఈ బాట పట్టాయి. ఫాల్గునీ పాఠక్ తరం వచ్చేనాటికి నవరాత్రి అంటే పెద్ద సౌండ్ బాక్సులు, పేరున్న గాయని అన్నది స్థిరపడిపోయింది.

ఇది లాభమా నష్టమా అంటే రెండూనూ. అమ్మమ్మలు పాడిన పాట మనవరాళ్ల దాకా వచ్చిందంటే ఆ దరువు పుణ్యమే. అమ్మమ్మలు వలయంలో ఉండగానే పాట వేదిక మీదికి వెళ్లిపోయిందంటే అదీ ఆ దరువు చలవే.

ఓడలు మోసుకెళ్లిన పాటలు

కంచన్ అసలు కీర్తి మాత్రం గుజరాత్‌లోనో ముంబయిలోనో కాదు, సముద్రాల అవతల దొరికింది.

1838లో గయానాకు, 1845లో ట్రినిడాడ్‌కు, 1873లో సురినామ్‌కు భారతీయ కూలీల ఓడలు వెళ్లాయి. చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద తీసుకెళ్లారు. ఎక్కువమంది భోజ్‌పురీ, అవధీ మాట్లాడే ప్రాంతాలవాళ్లు. మద్రాసు రేవు నుంచి వెళ్లిన తమిళులు, తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్లను అక్కడ కలిపి మద్రాసీలు అన్నారు. తెలుగు కూలీలు ఇంకా ఎక్కువగా చేరింది మారిషస్, దక్షిణాఫ్రికా, ఫిజీలకు. సొంత ఖర్చుతో ఓడెక్కి వ్యాపారానికి వెళ్లిన సూరత్ ప్రాంతపు గుజరాతీలు కూడా దక్షిణాఫ్రికాలో, ఫిజీలో ఉన్నారు. కూలీగా వెళ్లినా, వ్యాపారిగా వెళ్లినా వెంట తీసుకెళ్లినవాటిలో పాట ఒకటి.

ట్రినిడాడ్‌లో పెళ్లిళ్లకు ఆడవాళ్లు పాడుకునే భోజ్‌పురీ పాటలు, ఢోలక్, ఇనుప కడ్డీతో చేసిన ధంతాల్ చప్పుడు మూడు నాలుగు తరాలు బతికాయి. భాష మాత్రం అరిగిపోతూ వచ్చింది. 1935లో ‘బాలా జోబన్’తో హిందీ సినిమాలు అక్కడికి రావడం మొదలయ్యాక, సంగీతం అంటే బొంబాయి పాటే అన్న అభిప్రాయం పెరిగింది. ఇంటి పాట మోటుది, సినిమా పాట నాగరికమైంది అయిపోయింది.

ఆ చిన్నచూపును తిప్పికొట్టినవాడు సుందర్ పోపో. 1943లో ట్రినిడాడ్‌లోని బారక్‌పూర్‌లో పుట్టాడు. 1970 ప్రాంతంలో ‘నానా అండ్ నానీ’ అనే పాటతో ముందుకొచ్చాడు. తాత, అమ్మమ్మల సరదా సంసారం గురించి భోజ్‌పురీ, ఇంగ్లిష్ కలిపి పాడాడు. ఢోలక్, ధంతాల్‌ల పక్కన గిటార్, అప్పుడప్పుడే వస్తున్న ఎలక్ట్రానిక్ వాయిద్యాలు చేర్చాడు. అమెరికాలో ఫోక్ రాక్ గాయకులు పల్లె పాటకు ఎలక్ట్రిక్ గిటార్ కట్టిన కాలంలోనే, అలాంటి పనే చెరకు తోటల మధ్య ఇతను చేశాడు. ఆ సంగీతానికి తర్వాత చట్నీ అనే పేరు స్థిరపడింది. ఇంట్లో నూరుకున్న పచ్చడిలా కారంగా, చవకగా, అందరికీ అందేలా ఉంటుంది కాబట్టి ఆ పేరు అతికినట్టు సరిపోయింది.

అతని పాటల్లో ఒకటి ‘ఫులౌరీ బినా చట్నీ’. ఫులౌరీ అంటే అక్కడ పప్పు పిండితో వేసే పునుగుల్లాంటి చిరుతిండి. పచ్చడి లేకుండా అది ఎలా కుదురుతుందన్న సరదా ప్రశ్న చుట్టూ పాట తిరుగుతుంది. 1980ల ఆరంభంలో కంచన్, బాబ్లా ఆ పాటను ‘కైసే బనీ’గా రికార్డు చేశారు. ముంబయి స్టూడియో శబ్దం, బాబ్లా దరువు, కంచన్ చురుకైన గొంతు. పాట ఒక్కసారిగా ట్రినిడాడ్ దాటి గయానా, సురినామ్, అక్కడి నుంచి వలస వెళ్లినవారి వెంట హాలండ్, లండన్, న్యూయార్క్, టొరంటో చేరింది.

ఇక్కడ ఒక విశేషం గమనించాలి. దాదాపు నూటనలభై ఏళ్ల కిందట బిహార్, ఉత్తరప్రదేశ్ పల్లెల నుంచి వెళ్లిన పాట తీరు, దీవుల్లో రూపు మార్చుకుని, ముంబయి గాయని నోటి వెంట తిరిగి వచ్చింది. బొంబాయి పాట ముందు తమ పాట చిన్నదనుకుంటున్న జనానికి, బొంబాయి గాయనే తమ పాట పాడటం ఎంత గౌరవంగా తోచి ఉంటుందో ఊహించుకోవచ్చు. కంచన్‌ను అక్కడి జనం నెత్తిన పెట్టుకోవడానికి ఆమె గొంతు ఎంత కారణమో ఈ గౌరవమూ అంతే కారణం.

భార్యాభర్తలు అక్కడితో ఆగలేదు. కరీబియన్ సోకా పాటల్ని హిందీలోకి తెచ్చారు. మోంట్‌సెరాట్ గాయకుడు ఆరో పాడగా లోకమంతా మోగిన ‘హాట్ హాట్ హాట్’ వాటిలో ఒకటి. సోకా పుట్టుకలోనూ మన వాటా ఉంది. 1970ల మొదట్లో లార్డ్ షార్టీ అనే ట్రినిడాడ్ గాయకుడు కాలిప్సోకు ఢోలక్, ధంతాల్ లయ కలిపి ఆ సంగీతానికి రూపమిచ్చాడు. ఆఫ్రికన్ సంతతి గాయకుడు భారతీయ లయ తీసుకున్నాడు, ఆ పాటల్ని భారతీయ గాయని తిరిగి హిందీలో పాడింది. కరీబియన్ దేశాల్లో ఈ బృందం పదేపదే పర్యటించింది. మైదానాలు నిండాయి. ఇక్కడ సినిమా పాటల జాబితాలో మూడో నాలుగో పాటలున్న గాయని, అక్కడ పూర్తి ప్రదర్శనను తన భుజాల మీద నడిపించే తార.

పాట ఎవరిది?

ఇంకొకరి పాటను మళ్లీ పాడటం కంచన్ వృత్తి. ఆ వృత్తిలో ఒక ముల్లు ఉంది.

బోనీ ఎం ‘రివర్స్ ఆఫ్ బాబిలాన్’నే చూడండి. దాన్ని రాసింది మెలోడియన్స్ బృందానికి చెందిన బ్రెంట్ డో, ట్రెవర్ మెక్‌నాటన్. డిస్కో రూపం వచ్చేసరికి వాళ్ల పేర్ల పక్కన ఫ్రాంక్ ఫారియన్, మరొకరి పేరు కూడా రచయితలుగా చేరాయి. పాటకు పేరున్న రచయిత ఉన్నప్పుడే ఇలా జరిగితే, రచయిత ఎవరో తెలియని జానపదం సంగతి చెప్పనక్కర్లేదు. సంప్రదాయం అని ఒక్క మాట రాసేస్తే పనైపోతుంది.

మన దేశంలో 1980ల నుంచి క్యాసెట్ల వ్యాపారం పెరిగి, అసలు గాయకుల పాటల్ని కొత్త గొంతులతో పాడించి చవకగా అమ్మే పద్ధతి విస్తరించింది. టీ సిరీస్ ఎదిగిన దారి అదే. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని ఒక వెసులుబాటు దీనికి ఆధారం. 1990ల నాటి నిబంధన ప్రకారం, మొదటి రికార్డు వచ్చాక రెండేళ్లు గడిస్తే, హక్కుదారుకు నోటీసు ఇచ్చి రాయల్టీ చెల్లించి కొత్త రూపం తేవచ్చు. 2012 సవరణతో ఆ గడువు అయిదేళ్లయింది. ఇదంతా హక్కుదారు ఉన్న పాటలకే. పెళ్లి పందిట్లో, గర్బా వలయంలో, బతుకమ్మ చుట్టూ తరాలుగా అల్లిన పాటకు నోటీసు ఎవరికి ఇవ్వాలి? రాయల్టీ ఎవరికి కట్టాలి? చట్టం దృష్టిలో అందరిదీ అయినది ఎవరిదీ కాదు.

కాబట్టి కంచన్ కథలో పేర్లు మూడు మెట్లుగా కనిపిస్తాయి. అట్టడుగున పేరే లేని ఆడవాళ్లు. పాటను పుట్టించినవాళ్లు, మోసినవాళ్లు వాళ్లే. వాళ్ల పైన సుందర్ పోపో లాంటి స్థానిక కళాకారులు. సొంత దేశంలో పేరుంది, బయట వాళ్ల పాట తెలిసినంతగా వాళ్లు తెలియరు. ఆ పైన కంచన్. ఆమె గొంతు తెలుసు, సినిమా చరిత్రలో ఆమె పేరు అంతగా వినిపించదు. పై మెట్టు మీద ఉన్నవారు కింది మెట్టువారి పేరు మరుగున పడేయడానికి కారణం కావచ్చు. ఆ పైవారి పేరూ అలాగే మరుగున పడవచ్చు. కంచన్ విషయంలో రెండూ జరిగాయి.

అంతమాత్రాన ఆమె పనిని నకలు అని తీసిపారేయడం అన్యాయం. ‘కైసే బనీ’ విని సుందర్ పోపోను వెతుక్కున్నవాళ్లు ఎందరో ఉన్నారు. ఆమె రికార్డు లేకపోతే చట్నీ అనేదొకటి ఉందని ముంబయికి తెలియడానికి ఇంకా చాలా కాలం పట్టేది. 2012లో ‘గ్యాంగ్స్ ఆఫ్ వాసేపూర్’ కోసం సంగీత దర్శకురాలు స్నేహా ఖాన్‌వల్కర్ ట్రినిడాడ్ వెళ్లి, అక్కడి గాయకుడు వేదేశ్ సూకూ చేతనే ‘హంటర్’ పాట పాడించారు. అప్పుడు దేశంలో చాలామంది చట్నీని కొత్తగా విన్నట్టు విన్నారు. ఆ దారిలో ముప్పై ఏళ్ల ముందే ఒక దంపతులు నడిచి వెళ్లారన్నది తక్కువమందికి గుర్తొచ్చింది. ఈ రెండు ప్రయత్నాల మధ్య ఒక తేడా ఉంది. కంచన్ అక్కడి పాటను తన గొంతులో పాడారు. స్నేహా అక్కడి గొంతునే ఇక్కడికి తెచ్చారు. కాలం నేర్పిన మర్యాద అది.

చివరి మాట

2000 సంవత్సరం మే 2న సుందర్ పోపో కన్నుమూశాడు. అదే ఏడాది ఆగస్టులో నాజియా హసన్ లండన్‌లో, కల్యాణ్‌జీ ముంబయిలో రోజుల తేడాతో వెళ్లిపోయారు. 2004 జులైలో కంచన్ మరణించారు. ట్రినిడాడ్, గయానా జనానికి అది సొంత మనిషిని పోగొట్టుకున్న దుఃఖం. మనకు అది పెద్ద వార్త కాలేదు.

2017లో షారూఖ్ ఖాన్ ‘రయీస్’లో ‘లైలా’ మళ్లీ వచ్చింది. రామ్ సంపత్ కొత్త హంగులు కూర్చగా పావనీ పాండే పాడింది. తెర మీద సన్నీ లియోనీ. జనం ఎగబడి చూశారు. జీనత్ అమన్‌నూ సన్నీ లియోనీనీ పోల్చుతూ రాతలు వచ్చాయి. రెండు పాటల్లోని గొంతుల్ని పోల్చినవి తక్కువ. ఇంకొకరి పాటల్ని పాడి ఊరూరా తిప్పిన కంచన్ పాట చివరికి మరొకరి గొంతులో తిరిగింది.

తిరిగి సూరత్‌కు వద్దాం. అక్కడి తెలుగు వీధుల్లో ఈ ఏడాది కూడా బతుకమ్మ ఆడతారు. మగ్గాల మోత నడుమ పెరిగిన పిల్లలకు గర్బా అడుగులు, బతుకమ్మ అడుగులు రెండూ వస్తాయి. సౌండ్ బాక్సులో డీజే పాట వస్తుంది. ఆ పాటను ఏ ఊళ్లో ఏ అవ్వ అల్లిందో, ఏ గాయని పాడిందో యూట్యూబ్ పెట్టె కింద రాసి ఉండదు. రాయడానికి ఖర్చేమీ కాదు. పలానా ఊరి ఆడవాళ్ల దగ్గర సేకరించినది, పాడినది పలానా అని ఒక వరస చాలు. తెలంగాణలో ఇప్పుడు వీధికో రికార్డింగ్ స్టూడియో ఉంది, ఏటా వందల జానపద పాటలు కొత్త దరువుతో వస్తున్నాయి. దరువు మారడాన్ని ఎవరూ ఆపలేరు, ఆపాల్సిన పనీ లేదు. పేరు రాయడం మాత్రం మన చేతిలోనే ఉంది.

ఈసారి ఎక్కడైనా ‘లైలా’ మోగితే, పాడింది కంచన్ అని పక్కవారికి చెప్పండి. ‘కైసే బనీ’ వినిపిస్తే సుందర్ పోపో పేరు కూడా కలపండి.